నెలన్నర గడువు

పోయిన వారం మాస్టరుని మేడ మెట్ల మీద వదిలేసి వచ్చాం. మనిషి ఆరో మెట్టు మీదున్నాడు. ఎడమ కాలి చెప్పు మూడో మెట్టు దగ్గరే ఉండిపోయింది. చెప్పు జారిపోయిన సంగతి ఆయనకి తెలియలేదు. తెలిసింది వెనకాల ఎక్కుతున్న అక్కకి.

ఆవిడ వంగి ఆ చెప్పు తీసుకుంది. పిలిచి ఇవ్వలేదు. చేత్తో పట్టుకుని మెల్లగా పైకి వచ్చింది.

మాస్టరంటే బడిలో పాఠాలు చెప్పే మాస్టరు కాదు. కోట్లు కుట్టే దర్జీ. యాభై ఎనిమిదేళ్లు. బల్ల మీద వంగి గుడ్డ కత్తిరించడంలోనే దాదాపు నలభై ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు నడుము కింద రెండు పూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల పక్కకి తోసుకొచ్చి నరాన్ని నొక్కుతోంది. అక్క ఆయనకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఆపరేషన్ థియేటర్లో నర్సుగా పనిచేసి రిటైరైంది. ఆ ఇద్దరి మధ్యా సరైన మాటలు లేక ముప్పై ఏడేళ్లయింది. మాస్టరు కూతురు ఫోన్ చేసి, "అత్తా, నాన్న గోడ పట్టుకుని నడుస్తున్నాడు, అడిగితే కసురుతున్నాడు, ఒక్కసారి రా" అని బతిమాలితే ఆవిడ ఈ సోమవారం మధ్యాహ్నం బయల్దేరి వచ్చింది.

మేడ మీది గది ఏమీ మారలేదు. తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె పెట్టినప్పుడు లేచే ఉన్ని వాసన, సుద్దపొడి వాసన అలాగే ఉన్నాయి. గోడకి మేకుల మీద బ్రౌన్ కాగితపు కొలతలు దొంతర్లుగా వేలాడుతున్నాయి. కిటికీ పక్కన ఆ పొడవాటి బల్ల. దాని అంచు ఒకచోట లోపలికి అరిగిపోయి ఉంటుంది. తాతగారి పొట్ట, తర్వాత నాన్న పొట్ట, ఇప్పుడు మాస్టరు పొట్ట ఆనిన చోటు. అక్క ఆ అరుగుడు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది.

"బల్ల మార్చలేదా?"

"మార్చాల్సిన పనేముంది? కూర్చోండి" అన్నాడు మాస్టరు.

కూర్చోండి! చిన్నప్పుడు "ఏయ్ అక్కా" అని జడ పట్టుకు లాగిన నోరే అది. ముప్పై ఏడేళ్ల కిందట ఒకరోజు ఉన్నట్టుండి "మీరు" అనడం మొదలుపెట్టాడు. పరాయివాళ్లకి ఆ మాట మర్యాద. తోడబుట్టినదానికి వాత పెట్టినట్టుంటుంది. అక్క ఇన్నేళ్లూ ఆ వాత మాట్లాడకుండా భరించింది.

ఆవిడ చేతిలోని చెప్పుని ఆయన ఎదురుగా నేల మీద పెట్టింది. మాస్టరు దాన్ని చూశాడు, తన ఎడమ పాదాన్ని చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"బల్ల పట్టుకుని మడమల మీద నించో."

"దేనికి?"

"నించోరా."

నలభై ఏళ్లు నర్సుగా చేసిన గొంతు అది. పెద్దపెద్ద డాక్టర్లే మారుమాట్లాడకుండా చేతులు కడుక్కునేవారు. మాస్టరు నించున్నాడు. కుడి పాదం వేళ్లు చక్కగా పైకి లేచాయి. ఎడమ పాదం నేలకి జిగురేసి అంటించినట్టు ఉండిపోయింది. పళ్లు బిగబట్టాడు. బొటనవేలు ఒక్కటి కొద్దిగా కదిలి ఊరుకుంది.

"ఫైలేదీ?"

"డాక్టరు తొందరేం లేదన్నాడు."

"ఫైలేదంటున్నా."

అది కాగితపు కొలతల వెనకాల దాగి ఉంది. అక్క కళ్లజోడు పెట్టుకుని చదివింది. మొదట మనసులో, తర్వాత పైకి.

"'నొప్పి ఒక్కటే అయితే మందులతో, వ్యాయామంతో ఆగి చూడవచ్చు.' ఇంట్లో వాళ్లకి ఇక్కడిదాకా చెప్పావన్నమాట. ఆ కింద ఏముందో నేను చదువుతాను విను. 'పాదం బలం తగ్గుతున్నందున ఆలస్యం చేయకుండా ఆపరేషన్ మంచిది. గురువారం చేయవచ్చు. సోమవారం సాయంత్రం ఐదు గంటలలోగా తెలియజేయాలి. రోగి నెలన్నర గడువు అడిగారు.'"

ఆవిడ కాగితం దించింది. "సోమవారమంటే ఇవాళేగా?"

"నాకు తెలుసు ఇవాళేనని."

"నెలన్నర దేనికి?"

"పనుంది."

"ఏం పని?"

మాస్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. కింద దుకాణంలో కుట్టుమిషను ఆగి ఆగి నడుస్తోంది. కూతురు చెయ్యి అది. వినగానే ఆయనకి తెలిసిపోతుంది.

"అమ్మాయికి కోటు నేర్పుతున్నాను. చొక్కాలు, ప్యాంట్లు వచ్చేశాయి. కోటు సగంలో ఉంది. చంక గుండ్రం కత్తిరించే దగ్గర ఇంకా తడబడుతోంది. ఆపరేషనయ్యాక నేనెలా ఉంటానో ఎవరికి తెలుసు? కాళ్ల మీద నిలబడి ఉండగానే దానికి అంతా అప్పజెప్పాలి. నెలన్నరంటే సరిపోతుంది."

 అక్క దగ్గర్లో ఉన్న స్టూలు మీద కూలబడింది. "నెలన్నర" అంది మళ్లీ, ఎవరో చాలా దూరం నుంచి పిలిస్తే పలికినట్టు.

ఆ గొంతు మాస్టరుకి వేరేలా వినబడింది. దెప్పుతోందనుకున్నాడు. ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్నది ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది.

"మీరు నాకు ఆపరేషన్ గురించి చెప్పకండి. నాన్నకి మీరు చెప్పారుగా, అది చాలు. నేను ఊరెళ్లేరోజు ఆయన గుమ్మంలో నిలబడి చెయ్యూపాడు. నిలబడి! రెండు రోజులకి తిరిగొచ్చేసరికి ఆస్పత్రి మంచం మీద కొయ్యబారిపోయి ఉన్నాడు. నడుం కిందనుంచి స్పర్శ లేదు. ఎవర్నడిగి కోయించారంటే ఏమన్నారు? 'నేనే సంతకం పెట్టాను' అన్నారు. ఇంకో ముక్క అన్నారా?"

"లేదు. అంతే అన్నాను."

"మరింకేం?"

అక్క కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. తుడవడం అయిపోయినా తుడుస్తూనే ఉంది.

"నువ్వు నీ మొదటి కోటు పట్టుకుని ఊరెళ్లావే, దానికి ముందు నెలన్నర. ఆ రోజులు నీకు గుర్తున్నాయా?"

మాస్టరు కోపం కాస్త తడబడింది. ఆ రోజులు గుర్తున్నాయా అని అడగడమేమిటి? ఆయన బతుకులో పండగ లాంటి రోజులంటూ ఉంటే అవే.

అప్పుడాయనకి ఇరవై ఒకటి. అప్పటిదాకా నాన్న కోటు గుడ్డ జోలికి రానిచ్చేవాడు కాదు. గుండీలు కుట్టు, అంచులు మడువు, ఇస్త్రీ చెయ్యి, అంతే. ఒకరోజు పొద్దున్నే పిలిచి, "ఇవాళ్టి నుంచి కోటు" అన్నాడు. పై ఊరి స్టేషన్ మాస్టరు కోటు అది. భారీ మనిషి, ఎడమ భుజం కుడిదానికంటే రెండు వేళ్లు కిందికి ఉంటుంది. ఆ మనిషి కొలతలిస్తుంటే నాన్న రైళ్ల గురించి ఏదో కబురు మొదలుపెట్టాడు. ఆయన వెళ్లిపోయాక కొడుకుతో అన్నాడు: "టేపు చూడగానే ప్రతివాడూ ఊపిరి బిగబట్టి ఛాతీ పొంగిస్తాడు. వాడితో కబుర్లు పెట్టు. ఊపిరి వదిలాక కొలువు. లేకపోతే వాడు కాని వాడికెవడికో కోటు కుట్టినవాడివవుతావు."

ఆ భుజం వంకర కోటులో కనబడకుండా ఎలా కత్తిరించాలో చూపించడానికి నాలుగు రోజులు పట్టింది. పాత దుప్పటి మీద గీయించాడు, చెరిపించాడు, మళ్లీ గీయించాడు. మాస్టరు తప్పు గీస్తే నాన్న నోటితో ఏమీ అనేవాడు కాదు, ముక్కుతో ఒక చప్పుడు చేసేవాడు. ఆ చప్పుడు రాకుండా మొదటిసారి చంక గుండ్రం గీసిన సాయంత్రం తండ్రీ కొడుకులిద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని ఎందుకో పగలబడి నవ్వుకున్నారు.

"మర్చిపోతానా!" అన్నాడు మాస్టరు. తెలియకుండానే గొంతు మెత్తబడింది. "ఇదే బల్ల. నేనిక్కడ, ఆయనక్కడ. రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి, ముందుకి వంగి, తలకి తల తగిలేలా నిలబడేవాడు. ఆయన ఊపిరి నా చెవికి తగిలేది. అంతకుముందు నన్ను అంత దగ్గరికి రానిచ్చినవాడు కాదు. నెలన్నరా అలాగే నిలబడి నేర్పాడు."

"నిటారుగా నిలబడలేకపోయేవాడురా" అంది అక్క.

మిషను చప్పుడు కింద ఆగిపోయింది.

"అలా ముందుకి వంగి బరువు చేతుల మీద వేస్తే నడుము ఓర్చుకునేది. నిటారుగా అయితే పది నిమిషాలు కూడా నిలబడలేకపోయేవాడు. కూర్చుంటే ఇంకా బాధ. అందుకే అన్నం కూడా ఈ బల్ల దగ్గరే నిలబడి తినేవాడు. నీకు గుర్తుండే ఉంటుంది."

ఉంది. పని మీద అంత ధ్యాస అనుకున్నాడు మాస్టరు. ఇన్నేళ్లూ అందరికీ అలాగే చెప్పుకున్నాడు, మా నాన్న పనిలో పడితే కూర్చుని తినేవాడు కూడా కాదని. సుద్దముక్క కింద పడితే "నువ్వే తియ్యి, వంగడం నేర్చుకో" అనేవాడు. అదొక క్రమశిక్షణ అనుకున్నాడు. కూతురితో తనూ అలాగే తీయిస్తున్నాడు.

"నాతో తుంటి నొప్పన్నాడు" అన్నాడు నెమ్మదిగా.

"నీతో అలా అన్నాడు. నేను మా పెద్ద డాక్టరుకి చూపించాను. వారంలో చెయ్యాలి, కాళ్లలో బలం పోతోంది అన్నాడాయన. ఇంటికొచ్చి కాళ్లావేళ్లా పడ్డాను. నాన్న నవ్వి, 'నెలన్నర ఆగవే' అన్నాడు. 'వాడికి కోటు వచ్చేదాకా ఆగు. నేను పడుకుంటే వాడు గుండీల దగ్గరే ఉండిపోతాడు.' రోజూ డ్యూటీ దిగి వచ్చి అడిగేదాన్ని. రోజూ అదే మాట. నువ్వు చూసి, నేనాయన్ని ఆపరేషన్‌కి తరుముతున్నాననుకున్నావు."

"అనుకోవడమేమిటి, విన్నాను."

"విన్నావు. తరుముతూనే ఉన్నాను. ఆయనే కదల్లేదు." అక్క మెట్ల వైపు చూసింది. "కోటు పూర్తయింది. నువ్వు తీసుకుని బయల్దేరావు. గుమ్మంలో నిలబడి చెయ్యూపాడన్నావే. ద్వారబంధాన్ని రెండో చేత్తో పట్టుకుని ఉన్నాడు. వెనకాల నేను నడుం చుట్టూ చెయ్యేసి పట్టుకుని నిలబడ్డాను. నువ్వు వీధి మలుపు తిరిగావు. ఆయన అలాగే నా చేతుల్లోకి జారిపోయాడు. రెండు కాళ్లూ అప్పుడే పోయాయి తమ్ముడూ. ఆపరేషన్ టేబుల్ మీద కాదు, మన గుమ్మంలో. ఆ సాయంత్రమే థియేటర్లోకి తీసుకెళ్లారు. డాక్టరు నాతో ముందే చెప్పాడు, ఆలస్యమైపోయిందమ్మా, ప్రయత్నం చేస్తాను అని. అప్పుడు పెట్టాను సంతకం."

 మాస్టరు చెయ్యి తనంతట తనే బల్ల అంచు వెంట జరిగి, ఆ అరుగుడు దగ్గర ఆగింది. ముప్పై ఏడేళ్లుగా మనసు బాగోలేనప్పుడల్లా తీసి చూసుకుంటున్న రోజులవి. ఆ నవ్వు, ఆ వాసన, చెవికి తగిలిన ఆ ఊపిరి. ఏదీ అబద్ధం కాదు. కానీ ఆ పక్కనే ఒక మనిషి నరాలు తెగుతున్నంత బాధలో నిలబడి ఉన్నాడు, అది తను చూడలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఒట్టు వేయించుకున్నాడు. స్పృహ వచ్చాక మొదటి మాట నీ గురించే. 'వాడికి తెలిస్తే మళ్లీ కత్తెర ముట్టడు. నా కాళ్లు పోతే పోయాయి, వాడి చెయ్యి కూడా పోనివ్వకు' అన్నాడు. నువ్వొచ్చి అరిచావు. ఎవరో ఒకళ్ల మీద అరవాలి కదా, నా మీద అరిచావు. సరేలే అనుకున్నాను. ఏడాదో రెండేళ్లో అనుకున్నాను. ఇంతకాలం పడుతుందనుకోలేదు."

మాస్టరు కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నాడనడం కంటే పడ్డాడనడం నయం.

"ఇన్నేళ్లు..." అన్నాడు. "ఎలా మోశావే అక్కా నువ్వు?"

అక్క తలెత్తింది. ఆవిడ చెవిన పడ్డది ఆ ప్రశ్న కాదు, అందులో ఉన్న "నువ్వు". కళ్లజోడు మళ్లీ తీసింది. ఈసారి తుడుచుకున్నది అద్దాలు కాదు.

మాస్టరే అన్నాడు, "అయితే ఆయన కాళ్లు పోయింది నా వల్లన్నమాట."

"చూశావా, ఈ మాట అంటావనే ఆయన వద్దన్నాడు. నీ వల్ల కాదు. ఆయన ఇష్టపడి చేసిందది. కానీ ఆయన చేసింది మంచిపనని మాత్రం నేనను." అక్క ముందుకి వంగింది. "తర్వాత తొమ్మిదేళ్లు బతికాడు. నువ్వు రోజూ పొద్దున్నే ఆయన్ని వీపున వేసుకుని ఆ మెట్లెక్కించి, ఇదిగో ఇక్కడ కూర్చోబెట్టేవాడివి. ఒకసారి నేను వచ్చినప్పుడు నువ్వు లేకుండా చూసి అడిగాను, ఏమైనా అనిపిస్తుందా నాన్నా అని. ఏమన్నాడో తెలుసా? 'వాడి వీపెక్కిన ప్రతిరోజూ అనిపిస్తుందమ్మా, ఆగకుండా ఉండాల్సిందని. నేర్పడానికి నోరుంటే సరిపోయేది. పడుకుని కూడా నేర్పేవాణ్ణి. ఆ బుద్ధి అప్పుడు పుట్టలేదు' అన్నాడు."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కూతురు టీ కప్పులతో వచ్చింది. ఇరవై ఆరేళ్ల పిల్ల, మెళ్లో టేపు వేలాడుతోంది, జుట్టు నిండా దారప్పోగులు. ముక్కు ఎర్రగా ఉంది. మిషను ఆపేసినప్పటి నుంచీ మెట్ల మీదే ఉందని ఇద్దరికీ అర్థమైంది.

"టీ చల్లారిపోయింది" అంది. "మళ్లీ పెట్టనా, ఇదే తాగుతారా?"

 ఆ పిల్ల కప్పులు బల్ల మీద పెట్టి తండ్రి ముందు చతికిలబడింది.

"నాన్నా, చంక గుండ్రం నాకు రెండు నెలలు ఆలస్యంగా వస్తే కొంపలేం మునగవు. నువ్వు మంచం మీద పడుకుని తిట్టు, నేను కింద కూర్చుని గీస్తాను. నించుంటే తప్ప తిట్టలేవా ఏం?"

మాస్టరు ముక్కుతో ఒక చప్పుడు చేశాడు. అది అచ్చం వాళ్ల నాన్న చప్పుడే. అక్క ఉలిక్కిపడి, ఆపుకోలేక నవ్వేసింది. ముగ్గురూ నవ్వారు, ఇద్దరు ఏడుస్తూ.

గోడ గడియారం ఐదుకి పావు తక్కువ చూపిస్తోంది.

"నువ్వు మాట్లాడు" అని మాస్టరు ఫోను అక్కకి ఇవ్వబోయాడు.

ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఒకసారి నాన్నకి బదులు నేను సంతకం పెట్టాను. ఇంక పెట్టను. ఈ మాట నీ నోటితోనే రావాలి. చేయించుకోనంటావా, అదీ నువ్వే చెప్పు. కానీ నెలన్నర అని మాత్రం నా ముందు అనకు."

మాస్టరు ఫోను వంక చూస్తూ కూర్చున్నాడు. భయం పోలేదు. వీపు మీద కత్తి పడుతుందన్న భయం. ఇన్నేళ్లూ ఆ భయానికో కారణముండేది, నాన్న కాళ్లు తీసేసింది కత్తేనని. ఇప్పుడా కారణం పోయింది, ఒట్టి భయం మిగిలింది. ఒట్టి భయంతో ఎలాగోలా వేగొచ్చనిపించింది. నంబరు నొక్కాడు.

"నేనండీ, దర్జీ మాస్టర్ని. గురువారం అన్నారు కదా... ఆఁ. రాసుకోండి. వస్తున్నాను."

అంతే. ఫోను పెట్టేసి, పెద్ద కోటు కత్తిరించడం పూర్తయినప్పటిలా ఊపిరి వదిలాడు. కూతురు గభాలున లేచి, బడి నుంచి ఇంకా రాని తల్లికి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పడానికి కిందికి పరిగెత్తింది. బడిలో లెక్కల టీచరైన ఆ తల్లి, ఈయన మొండితనం ఎప్పుడు దిగుతుందా అని వారం రోజులుగా ఎదురుచూస్తోంది మరి.

అక్క అప్పుడే నర్సయిపోయింది. ఫైలులోంచి ఆస్పత్రి కాగితం తీసి, బల్ల మీద పరిచి, కలం పట్టుకుంది.

"ఇవి ముందే నింపుకుంటే అక్కడ నించోబెట్టరు. షుగరుందా?"

"లేదు."

"బీపీ?"

"నువ్వొచ్చాక వచ్చి ఉంటుంది."

"వేళాకోళాలొద్దు. మందులేమైనా పడవా?"

"అన్నీ పడతాయి."

"మూత్రం సరిగ్గా అవుతోందా?"

"అవుతోంది. అంటే... పొద్దున లేచాక వెళ్లాను. తర్వాత వెళ్లాలనిపించలేదు."

అక్క కలం కాగితం మీద ఆగిపోయింది. "పొద్దుటి నుంచీనా?"

"నీళ్లు తక్కువ తాగి ఉంటాను. ఏమైనా ఇవాళ కాస్త హాయిగానే ఉందిలే. మామూలుగా ఈ కుర్చీలో కూర్చుంటే తొడల వెనక ఒత్తుకుని చచ్చేవాణ్ణి. ఇవాళ అమ్మాయి దిండేదో వేసినట్టుంది, మెత్తగా ఉంది. దూది మీద కూర్చున్నట్టుంది."

అక్క కలం మూత పెట్టింది. ఆవిడ మొహంలో రంగు దిగిపోవడం మాస్టరు చూశాడు.

"లే. బల్ల పట్టుకుని లే."

ఆయన రెండు చేతులూ బల్లకి ఆనించి లేచాడు. అక్క కుర్చీ వంక చూసింది. చేత్తో తడిమి కూడా చూసింది.

దిండు లేదు. ఒట్టి చెక్క.

"అమ్మాయీ!" అని ఆవిడ మెట్ల వైపు పెట్టిన కేకకి కిటికీ అద్దాలు అదిరాయి. "కారు పిలువు! మీ నాన్నకి స్పర్శ పోతోంది, గురువారం దాకా ఆగేది లేదు!"